వేట రూల్స్ మారితే అడవి బాతుల మీద ఒత్తిడి తగ్గుతుందా?

"రోజుకి ఒక్కో వేటగాడు కొట్టే బాతుల సంఖ్య తగ్గిస్తే వేట ఒత్తిడి తగ్గుతుందా, లేక సీజన్ రోజులు తగ్గించాలా?" అని అడిగారు. నేను చూసినంతలో సంఖ్య మార్చడం వల్ల వచ్చే తేడా తక్కువ. ఏ గంటకి ఆపాలి, ఎక్కడ అడుగు పెట్టకూడదు అనే రూల్సే బాతులకి తెలుస్తాయి.

నాది కొల్లేటి ఒడ్డున, కైకలూరు దగ్గర పల్లె. తొమ్మిదేళ్ళుగా అమెరికాలో, ఆర్కన్సా రాష్ట్రంలో ఉంటున్నాను. మా ఆఫీసులో ఒకాయనది స్టట్‌గార్ట్ అనే ఊరు. బాతుల వేటకి పేరున్న ఊరది. బాతు కూతలు ఊదే పోటీలు అక్కడ 1936 నుంచి జరుగుతున్నాయి. నాలుగు సీజన్లుగా ఆయనతో వెళ్తున్నాను. తుపాకీ మాత్రం పట్టను, వీసా మీద ఉన్నవాడికి ఆ టెన్షన్ ఎందుకని. బాతుల్ని ఆశపెట్టి దింపడానికి నీళ్ళలో తేల్చే బొమ్మ బాతుల సంచి మోయడం, కాఫీ ఫ్లాస్కు పట్టుకోవడం, వచ్చే బాతుల్ని లెక్కపెట్టడం నా పని.

మొదటిసారి అక్కడ దిగినప్పుడు ఆకివీడు వచ్చానా అనిపించింది. అమెరికాలో పండే వరిలో దాదాపు సగం ఈ రాష్ట్రానిదే. కోతలయ్యాక కొయ్యకాళ్ళ మీద నీళ్ళు నిలబెడతారు, రాలిన గింజల కోసం కెనడా వైపు నుంచి బాతులు దిగుతాయి.

ఇప్పుడక్కడ సీజన్ 60 రోజులు. మనిషికి రోజుకి ఆరు బాతులు, అందులో మల్లార్డ్‌లు (ఒక రకం అడవి బాతులు) నాలుగు దాటకూడదు, ఆ నాలుగిట్లో ఆడవి రెండు దాటకూడదు. వినడానికి చాలా అనిపిస్తుంది గానీ, ఈ నాలుగేళ్ళలో మా పడవలో అందరికీ ఆరు నిండిన రోజులు మూడో నాలుగో. అలాంటప్పుడు ఆరుని ఐదు చేస్తే ఎవరికి ఏం తేడా? 2025-26 సీజన్‌లో సూదితోక బాతుల పరిమితిని ఒకటి నుంచి మూడుకి పెంచారు. దానికే ఊళ్ళో పెద్ద చర్చ. మా పడవకి దాని వల్ల అదనంగా వచ్చింది ఒక్క బాతు.

మరీ బాగా తగ్గిస్తే వేరే సంగతి. ఉత్తరాన కరువొచ్చి బాతులు పడిపోయినప్పుడు, 1988 నుంచి 1993 దాకా, సీజన్ 30 రోజులు, రోజుకి మూడు బాతులు చేశారట. మా మిత్రుడి వాళ్ళ నాన్న అప్పుడే పడవ అమ్మేశాడు. మూడు పిట్టల కోసం రెండింటికి లేచి చలిలో ఎవడు పోతాడు అన్నాడట. అంటే ఆ రూల్ పనిచేసింది చాలామందిని ఇంట్లో కూర్చోబెట్టడం వల్ల. మూడే కొట్టాలన్న లెక్క వల్ల కాదు.

ఆడబాతులు రెండే అన్న రూల్ ఇంకోలా పనిచేస్తుంది. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి కాల్చవచ్చు. ఆ మసక వెలుతురులో ఆడా మగా తెలియదు. తప్పు కొడితే ఫైన్ అని మావాళ్ళు వెలుగొచ్చేదాకా ఆగుతారు. అలా మొదటి అరగంట బాతులకి దక్కుతుంది. ఈ ఉపయోగం రూల్ రాసినవాళ్ళు అనుకున్నారో లేదో!

ఇక టైమ్ సంగతి. మేం వెళ్ళే సర్కారు అడవిలో, చెట్ల మధ్య నీళ్ళు నిలిచే చోట, తెల్లవారుజామున 4 గంటలకి ముందు పడవ దించకూడదు. దాంతో రేవు దగ్గర పండగ ట్రాఫిక్‌లా లైను, 4 కొట్టగానే ఒక్కసారిగా మోటార్ల మోత. ఇదీ ఒత్తిడే, రూల్ తెచ్చిన ఒత్తిడి. కానీ మధ్యాహ్నం 12 గంటలకి వేట ఆపాలన్న రూల్ మాత్రం బంగారం. ఒకరోజు సామాను సర్దుకోవడం ఆలస్యమైంది. తుపాకులు ఆగిన గంటలోపే మా బొమ్మ బాతులు తేలిన నీళ్ళలోనే నిజం బాతులు వచ్చి వాలాయి. మా మిత్రుడు నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు.

జనవరి వచ్చేసరికి అవి ఇంకా ముదురుతాయి. పగలంతా వేట నిషేధించిన నీళ్ళలో పడుకుంటాయి. సూర్యాస్తమయంతో వేట టైమ్ అయిపోతుంది కదా, ఆ తర్వాతే లేచి వరి మళ్ళకి బయల్దేరతాయి. చచ్చిన బాతుల్ని లెక్కపెట్టి దాన్నే ఒత్తిడి అనుకుంటాం గానీ, ఎగిరి ఎగిరి తిండి మానుకున్నవాటి లెక్క అందులో రాదు.

పరాయి రాష్ట్రంవాళ్ళకి అక్కడి సర్కారు అడవుల్లో కొన్ని రోజులే అనుమతి. ఆ రోజుల్లో రేవులో కాలు పెట్టే చోటుండదు. మిగతా రోజుల్లో డబ్బున్నవాళ్ళు రైతుల మళ్ళు లీజుకి తీసుకుంటారు. ఒత్తిడి పోలేదు, గట్టు దాటి పక్క మడిలోకి వెళ్ళింది.

పూర్తిగా నిషేధిస్తేనో అంటారా? అది మా ఊళ్ళో చూశాను. 1972 వన్యప్రాణి చట్టంలో లైసెన్సు మీద కొన్ని పక్షుల్ని కొట్టే వీలుండేది, 1991 సవరణతో అదీ పోయింది. మా తాతయ్య చిన్నప్పుడు కొల్లేట్లో పరజల (అడవి బాతుల) కోసం తుపాకులతో వచ్చేవాళ్ళని చూశాడు. నా చిన్నప్పటికి తుపాకీ చప్పుడు లేదు, రాత్రిపూట వలలు, పురుగుమందు గుళికలు కలిపిన గింజలు వచ్చాయి. పరజ మాంసం కావాలంటే ఎవర్ని అడగాలో ఊరందరికీ తెలుసు. నిషేధం వద్దని అనడం లేదు, నేను నిషేధం వైపే. కానీ స్టట్‌గార్ట్‌లో ఎన్ని చచ్చాయో ఒక అంచనా ఉంటుంది. మా మిత్రుడిని సర్కారు వేట లెక్కల సర్వేకి ఎంచుకున్న ఏడాది, కొట్టిన ప్రతి బాతు రెక్క ఒకటి కవర్లో పెట్టి పోస్టు చేసేవాడు. రెక్క చూసి జాతి, వయసు, ఆడో మగో రాసుకుంటారు. రాత్రి వలలో పడ్డ పరజని ఎవరు రాసుకుంటారు?

పైగా కొల్లేట్లో అసలు దెబ్బ వేట కాదు, చేపల చెరువులు. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలో చేరింది, 2006లో ఆక్రమణ చెరువుల గట్లు సర్కారు పేల్చేసింది. మొన్న ఫోన్లో మా అమ్మ అంది: "పరజలు వచ్చాయిరా, కానీ దిగనివ్వట్లేదు. నీటికాకులు చేపలు తినేస్తున్నాయని చెరువులవాళ్ళు పొద్దస్తమానం టపాకాయలు కాలుస్తున్నారు. వాటి మధ్యలో ఇవీ లేచిపోతున్నాయి." దానికి మాత్రం 12 గంటలకి ఆపాలన్న రూల్ లేదు.