అప్‌డేట్ మధ్యలో ఆగిన కంప్యూటర్: ఫార్మాట్ చేయకముందే ఫైళ్లు తీసుకోండి

ప్రశ్న: మా ఇంట్లోని డెస్క్‌టాప్‌లో విండోస్ 11 ఉంది. దానిపై శుభలేఖలు, కరపత్రాలు డీటీపీ చేస్తుంటాను. ఇటీవల అప్‌డేట్ జరుగుతుండగా కరెంటు పోయింది. అప్పటి నుంచి ఆన్ చేస్తే తయారీ సంస్థ గుర్తు కనిపించి, దాని కింద చుక్కలు కాసేపు తిరిగి, మళ్లీ మొదటికే వస్తోంది. ఫార్మాట్ చేయడం తప్ప మార్గం లేదని షాపువారు అంటున్నారు. నా పేజ్‌మేకర్ ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి. వాటిని దక్కించుకోవడం ఎలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఫార్మాట్‌కు ఇప్పుడే ఒప్పుకోకండి. గుర్తు, చుక్కలు కనిపిస్తున్నాయి కనుక మదర్‌బోర్డు, ర్యామ్ చాలావరకు బాగానే ఉన్నట్టు. అప్‌డేట్ సగంలో ఆగడం వల్ల విండోస్‌కు చెందిన ఫైళ్లు పాతవీ కొత్తవీ కలగలిసి ఉండవచ్చు. అప్‌డేట్ మీ పేజ్‌మేకర్ ఫైళ్ల జోలికి వెళ్లదు. సీపీయూలోంచి టకటకమని శబ్దం వస్తుంటే మాత్రం హార్డ్ డిస్కే దెబ్బతిని ఉండవచ్చు కాబట్టి, మళ్లీ మళ్లీ ఆన్ చేయకుండా డేటా రికవరీ చేసేవారికి చూపించండి.

శబ్దమేమీ లేకపోతే ప్రింటర్, పెన్ డ్రైవ్ వంటివన్నీ తీసి, కీబోర్డు, మౌస్ మాత్రం ఉంచండి. ఆన్ చేశాక చుక్కలు తిరగడం మొదలవగానే పవర్ బటన్‌ను ఆగిపోయేదాకా నొక్కి పట్టుకోండి. ఇలా రెండు మూడు సార్లు చేస్తే విండోస్ తనంతట తానే రికవరీ తెరను చూపిస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, ఆ తరువాత అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ ఎంచుకోవాలి.

మరమ్మతు కంటే ముందు ఫైళ్ల సంగతి చూడండి. పెన్ డ్రైవ్ పెట్టి, కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నోట్‌ప్యాడ్ పేరు టైపు చేసి ఎంటర్ నొక్కితే ఆ చిన్న ప్రోగ్రామ్ తెరుచుకుంటుంది. దాని ఫైల్ మెనూలో ఓపెన్ నొక్కి, ఫైలు రకం దగ్గర ‘ఆల్ ఫైల్స్’ ఎంచుకోవాలి. లేకుంటే పేజ్‌మేకర్ ఫైళ్లు అసలు కనిపించవు. అక్కడి నుంచే కావలసిన ఫోల్డర్‌ను కాపీ చేసి పెన్ డ్రైవ్‌లో పేస్ట్ చేయవచ్చు. ఈ తెరలో డ్రైవ్ అక్షరాలు మారి కనిపించవచ్చు. కాపీ ఎంతవరకు వచ్చిందో చూపే గీత కూడా ఉండదు కనుక, తెర బిగుసుకుపోయినట్టు అనిపించినా ఓపిక పట్టాలి.

ఆ తరువాత స్టార్టప్ రిపేర్ నడపండి. ఫలితం లేకపోతే అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్‌లోకి వెళ్లి, చివరి క్వాలిటీ అప్‌డేట్‌ను తొలగించండి. నా దృష్టిలో మీ సమస్యకు అసలు మందు ఇదే. వచ్చినది ఏడాదికోసారి వచ్చే పెద్ద ఫీచర్ అప్‌డేట్ అయితే దానిని వెనక్కి తీసుకునే వెసులుబాటు సాధారణంగా 10 రోజులే ఉంటుంది. కంప్యూటర్ తెరుచుకున్నాక అప్‌డేట్‌లను ఒక వారం పాటు పాజ్‌లో ఉంచి, ఒక యూపీఎస్ కొనుక్కుని, అప్పుడు మళ్లీ చేయించండి.

రికవరీ తెరపై కీబోర్డు, మౌస్ కదలకపోతే కంగారు పడవద్దు. 2025 అక్టోబరు 14న వచ్చిన అప్‌డేట్ తరువాత ఆ ఒక్క తెరపైనే యూఎస్‌బీ కీబోర్డులు, మౌస్‌లు పనిచేయకుండా పోయాయి. మైక్రోసాఫ్ట్ అదే నెల 20న సవరణ విడుదల చేసింది. అలాంటి స్థితిలో మరొక కంప్యూటర్‌లో మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్ డ్రైవ్‌ను సిద్ధం చేసుకుని, దానితో బూట్ చేసి, ఇన్‌స్టాల్ జోలికి పోకుండా రిపేర్‌ను ఎంచుకోవాలి.

ఏదీ ఫలించకపోతే ‘రీసెట్ దిస్ పీసీ’లో ‘కీప్ మై ఫైల్స్’ ఉంది. డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ వంటి మీ సొంత ఫోల్డర్లు అలాగే ఉంటాయి కానీ, సి డ్రైవ్‌లో విడిగా పెట్టుకున్న వాటికి ఆ భరోసా లేదు. పేజ్‌మేకర్, అను ఫాంట్లు రెండూ పోతాయి కాబట్టి వాటి ఇన్‌స్టాల్ ఫైళ్లు, లైసెన్సు వివరాలు చేతిలో ఉన్నాయో లేదో ముందే చూసుకోండి.

ప్రశ్న: అప్‌డేట్ తరువాత మా అబ్బాయి ల్యాప్‌టాప్ నీలి తెరపై 48 అంకెల కీ అడుగుతోంది. ఎవరైనా హ్యాక్ చేశారంటారా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: తెరపై బిట్‌లాకర్ అనే పేరు ఉంటే అది హ్యాకింగ్ కాదు. డిస్క్‌లోని సమాచారానికి విండోస్ వేసిన తాళం అది. కంప్యూటర్ మొదలయ్యే పద్ధతిలో ఏ మార్పు కనిపించినా అది కీ అడుగుతుంది. 2024 జులై అప్‌డేట్ తరువాత కూడా కొన్ని కంప్యూటర్లలో ఇలాగే జరిగింది. ల్యాప్‌టాప్‌ను తొలిసారి సిద్ధం చేసినప్పుడు వాడిన మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి ఫోన్ నుంచి లాగిన్ అయి, డివైజెస్ విభాగంలో రికవరీ కీ కోసం చూడండి. తెరపై ఉన్న కీ ఐడీ మొదటి 8 అక్షరాలు అక్కడి వాటితో సరిపోలాలి. మీ ఖాతాలో లేకపోతే అబ్బాయి కాలేజీ మెయిల్‌లోనో, అమ్మిన షాపువారు వాడిన ఖాతాలోనో ఉండవచ్చు. కీ దొరకనంతవరకు ఎవరు ఎంత డబ్బు అడిగినా డేటా తీసి ఇస్తామన్న మాటను నమ్మవద్దు.