కరెంటు పోయినప్పుడు ఆ నీళ్లెక్కడికి పోతాయి?

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం సముద్రపు చేపల గురించే. నాలుగింటికి జవాబులు రాస్తున్నాను. మొదటి ఉత్తరంలో అడిగినవి చాలామందికి పనికొచ్చే సంగతులు కాబట్టి దానికే ఎక్కువ చోటు ఇచ్చాను.

ప్రశ్న: కొంపల్లిలో ఇల్లు కట్టుకుంటున్నాం. మొదటి అంతస్తు హాల్లో 8 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తుతో ఉప్పునీటి అక్వేరియం ఆర్డరిచ్చి చేయించాలని ఉంది. ఎంపరర్ ఏంజెల్, లయన్ ఫిష్, క్లౌన్ ట్రిగ్గర్, పాంథర్ గ్రూపర్ కలిపి పెంచాలని ఎన్నాళ్లగానో కోరిక. ఎక్కడ మొదలుపెట్టాలి? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ముందు స్లాబు సంగతి చూడండి. మీరు చెప్పిన కొలతలకు నిండుగా పోస్తే 2,000 లీటర్ల నీళ్లు పడతాయి. ఉప్పునీళ్లు కాబట్టి లీటరు కిలో కంటే కాస్త ఎక్కువే తూగుతుంది. 19 ఎం.ఎం. గాజు బరువే దాదాపు 400 కిలోలు. రాళ్లు, స్టాండు కలిపితే రెండున్నర టన్నులు దాటుతుంది. అదంతా 24 చదరపు అడుగుల చోటు మీదే పడుతుంది. ఇళ్లలో గదుల స్లాబును మామూలుగా చదరపు మీటరుకు 200 కిలోల లెక్కన డిజైన్ చేస్తారు. మీ ట్యాంకు కింద అది 1,100 దాటుతుంది. ఇల్లు ఇంకా కడుతున్నారు కాబట్టి ఈ అంకెలు స్ట్రక్చరల్ ఇంజినీరు చేతిలో పెట్టి, కింద బీమ్ వేయించుకోండి. "ఏం కాదు సార్, మన స్లాబు గట్టిది" అని మేస్త్రి అంటాడు. ఆ ఒక్క మాట మీద ఆధారపడొద్దు. కుదిరితే కింది అంతస్తులోనే పెట్టుకోండి, హాయిగా నిద్రపడుతుంది.

ఎత్తు 3 అడుగులు వద్దు, రెండున్నర చాలు. గాజు మీద పడే ఒత్తిడి నీటి లోతును బట్టి ఉంటుంది. ఎనిమిది అడుగుల ముందు గాజును రెండున్నర అడుగుల నీళ్లు సుమారు 700 కిలోల బరువుతో నెడతాయి. మూడడుగులకు పెంచితే అదే గాజు మీద వెయ్యి కిలోలు దాటుతుంది. ఆరంగుళాల అందం కోసం అంత ఒత్తిడి ఎందుకు? పైగా రేపు అడుగున పడిన రాయిని సర్దాలంటే చెయ్యి అందాలి కదా. వెడల్పు మాత్రం 3 అడుగుల నుంచి తగ్గించకండి. పెద్ద చేప ఇబ్బంది పడకుండా వెనక్కి తిరిగేది ఆ వెడల్పులోనే. అతుకులకు బాత్‌రూమ్ సిలికాన్ వాడనివ్వకండి, అందులో బూజు పట్టకుండా మందు కలుపుతారు, అది చేపలకు విషం.

ఇప్పుడు అసలు సంగతి. ట్యాంకులోంచి పొంగిన నీళ్లు పైపులోంచి కింద ఉన్న సంప్‌లోకి దిగుతాయి (ఇంటి ముందు మంచినీళ్ల సంపు కాదు, స్టాండు కింద పెట్టే చిన్న ట్యాంకు). అక్కడ స్కిమ్మర్ మురికిని నురగలా లాగేస్తుంది, పంపు నీళ్లను తిరిగి పైకి తోస్తుంది. బాగానే ఉంది. కానీ కరెంటు పోతే? పంపు ఆగుతుంది, పైనున్న నీళ్లు మాత్రం దిగుతూనే ఉంటాయి. మీ ట్యాంకులో నీటిమట్టం ఒక్క అంగుళం దిగితే 56 లీటర్లు. రెండంగుళాలు దిగితే 110 పైనే. అంత ఖాళీ సంప్‌లో ఎప్పుడూ ఉండాలి.

ఇది నాకు పుస్తకంలో తెలిసింది కాదు. 1992లో భీమిలి దగ్గర రొయ్య పిల్లల హేచరీలో టెక్నీషియన్‌గా చేరి, పదేళ్లు అక్కడ చేశాక ఈ అక్వేరియంల పనిలోకి వచ్చాను. విశాఖపట్నంలో ఒక డాక్టరు గారింట్లో నేను పెట్టిన మొదటి పెద్ద ట్యాంకు ఆరడుగులది. పంపు నుంచి పైకెళ్లే పైపు మూతిని నీళ్లలోకి ఆరంగుళాలు ముంచి ఉంచాను, అలా అయితే చప్పుడు రాదని. రాత్రి కరెంటు పోయింది. ఆ పైపే సైఫన్‌లా మారి, పైనున్న ఆరంగుళాల నీళ్లనూ కిందికి లాగేసింది. పొద్దున వాళ్లు ఫోన్ చేస్తే పరిగెత్తాను. వంద లీటర్ల పైన ఉప్పునీళ్లు హాలు దాటి పక్కగదిలో బీరువా కిందికి చేరాయి. ఆ బీరువా కాళ్లు ఏడాదిలో తుప్పుపట్టి పొడిపొడిగా రాలాయి. వాళ్లు నన్ను ఒక్క మాట అనలేదు, అందుకే ఇంకా బాధగా ఉంటుంది.

దానికి మందు చాలా చిన్నది. పైపుకు నీటిమట్టానికి కాస్త కిందగా పెన్సిల్ మొన దూరేంత రంధ్రం పెట్టండి. మట్టం ఆ రంధ్రం దాకా దిగగానే గాలి లోపలికెళ్లి సైఫన్ తెగిపోతుంది. ఆ రంధ్రంలో నాచు పేరుకుంటుంది, వారానికోసారి పుల్లతో పొడవండి. ట్యాంకు నింపిన రోజే మెయిన్ స్విచ్ ఆపి, సంప్ పక్కన కూర్చోండి. నీళ్లు పెరిగి పెరిగి ఎక్కడ ఆగాయో అక్కడ మార్కర్‌తో గీత గీయండి. ఆ గీత సంప్ అంచుకు నాలుగు వేళ్ల కిందైనా ఉండాలి. నేను ఇప్పటికీ ప్రతి ట్యాంకుకూ ఈ పరీక్ష మూడుసార్లు చేశాకే డబ్బు తీసుకుంటాను.

కరెంటు పోతే రెండో ప్రమాదం ఊపిరి. వెచ్చటి ఉప్పునీళ్లలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. 28 డిగ్రీల దగ్గర సముద్రపు నీళ్లలో లీటరుకు ఆరున్నర మిల్లీగ్రాములకు మించి నిలవదు. పెద్ద చేపలు దాన్ని త్వరగా ఖర్చు చేసేస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడ్డప్పుడు మా వీధికి రోజుల తరబడి కరెంటు లేదు. ఇన్వర్టరు రెండో రోజు పొద్దునకే చచ్చిపోయింది. నేనూ మా ఆవిడా గంటకొకరు చొప్పున కుర్చీ వేసుకుని, స్టీలు చెంబుతో నీళ్లు ముంచి, భుజం ఎత్తు నుంచి తిరిగి ట్యాంకులోకే పోశాం. నీళ్లు అలా పడుతుంటే గాలి కలుస్తుంది. మూడో రోజుకు టాంగ్ చేప చచ్చిపోయింది. ఎంపరర్ మాత్రం నీటి పైకి వచ్చి, చెంబు పడే చోటే నోరు తెరిచి నిలబడింది. ఆ చేప బతికింది. అప్పటి నుంచి నా దగ్గర బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపులు నాలుగు ఎప్పుడూ ఉంటాయి. మీరు ఇన్వర్టరుకు అన్నీ తగిలించకండి. 30 వాట్ల వేవ్‌మేకర్ (ట్యాంకులో నీళ్లను కదిలించే చిన్న పంపు) ఒక్కటి తగిలిస్తే 150 ఏ.హెచ్. బ్యాటరీ ఒకరోజు దాకా లాగుతుంది.

హైదరాబాద్ ఎండలకు నీళ్లను చల్లబరిచే చిల్లర్ తప్పదు, 25–27 డిగ్రీలు పట్టి ఉంచాలి. దాన్ని స్టాండు లోపల పెట్టి తలుపు మూసేస్తే అది వదిలే వేడి దాన్నే చుట్టుకుంటుంది. బయట బాల్కనీలోకి పైపు లాగించుకోండి.

ఇక చేపలు. క్లౌన్ ట్రిగ్గర్ లయన్ ఫిష్ రెక్కలు కొరికి పీలికలు చేస్తుంది, రెండింట్లో ఒకటే. పాంథర్ గ్రూపర్ షాపులో మూడంగుళాలు ఉంటుంది, తెల్లటి ఒంటి మీద నల్లచుక్కలతో ఎవరికైనా ముద్దొస్తుంది. అది 70 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, వదిలేయండి. మీ ట్యాంకుకు ఒక లయన్ ఫిష్, ఒక నాసో టాంగ్, అందరికన్నా చివర ఒక ఎంపరర్ ఏంజెల్. ఇంత ఖర్చుకు మూడు చేపలేనా అని మీకు అనిపించవచ్చు. ఎంపరర్, నాసో రెండూ 40 సెంటీమీటర్లకు అటూ ఇటూ పెరిగేవే. ఏంజెల్‌ను చివర వేయమన్నది ఎందుకంటే, ముందొచ్చిన ఏంజెల్ ఆ ఇల్లంతా తనదే అనుకుంటుంది, తర్వాత ఎవరొచ్చినా తరుముతుంది.

నీళ్లు పోసిన మర్నాడే చేపలు వేయకూడదన్నది మీకు తెలిసే ఉంటుంది. గుడ్డలో కట్టిన పచ్చిరొయ్యలు నాలుగు వేసి కుళ్లనివ్వండి. ముందు చేపలకు విషమైన అమోనియా పెరుగుతుంది, తర్వాత నైట్రైట్, వాటిని తినే మంచి బ్యాక్టీరియా పెరిగాక రెండూ సున్నాకు దిగుతాయి. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ లోపు కొన్న చేపను వేరే చిన్న ట్యాంకులో కనీసం నాలుగు వారాలు విడిగా ఉంచండి. తెల్లమచ్చల జబ్బు మచ్చలు రాలిపోగానే తగ్గిందనుకుంటాం. ఆ క్రిమి అడుగున గూడు కట్టుకుని, వందలుగా పెరిగి మళ్లీ లేస్తుంది. షాపులో చేప మీ ఎదురుగా మేత తింటేనే డబ్బివ్వండి.

ప్రశ్న: మాది కాకినాడ. సముద్రం పక్కనే ఉంది కదా, ఆ నీళ్లే తెచ్చి పోసుకోవచ్చా? లేకపోతే మంచినీళ్లలో కల్లుప్పు కలిపితే సరిపోదా అండీ? ప్యాకెట్ ఉప్పు చాలా ఖరీదు. – ఒక పాఠకురాలు

జవాబు: కల్లుప్పు సంగతి ముందు చెప్తానమ్మా. నౌపడ ఉప్పుమళ్లలోనో చినగంజాం మళ్లలోనో ఉప్పు చేయడం ఎప్పుడైనా చూశారా? ఎండకు నీళ్లు ఇంకేకొద్దీ ముందు సున్నం, జిప్సం అడుగున పడతాయి, ఆ తర్వాత ఉప్పు గడ్డకడుతుంది. మిగిలిన చేదునీళ్లను తీసేస్తారు. మెగ్నీషియం, పొటాషియం అన్నీ ఆ చేదునీళ్లలోనే పోతాయి. మీ చేతికొచ్చే కల్లుప్పు దాదాపు అంతా ఒక్క సోడియం క్లోరైడే. నాలుక మీద సముద్రంలా ఉంటుంది, చేప ఒంటికి కాదు. అక్వేరియం ఉప్పు లీటరుకు 35 నుంచి 38 గ్రాములు పడుతుంది, ఖరీదే, కానీ దానికి బదులు లేదు.

సముద్రపు నీళ్లు వాడొచ్చు, మేం హేచరీలో వాడింది అవే. కాకపోతే ఎప్పుడు, ఎక్కడ తెచ్చారన్నది ముఖ్యం. మీ ఊరి పక్కనే గోదావరి కలుస్తుంది, పోర్టు కూడా ఉంది. వానాకాలం చివర, అక్టోబరు, నవంబరులో మన తీరమంతా నదుల నీళ్లు కలిసి ఉప్పదనం బాగా పడిపోతుంది. ఫిబ్రవరి నుంచి మే లోపు, ఊరికీ కాలవలకూ దూరంగా తెచ్చుకోండి. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ పెట్టి చూసి, 1.022 కంటే తక్కువ చూపిస్తే వదిలేయండి. తెచ్చాక వడగట్టి, బ్లీచింగ్ చేసి, గాలి కొట్టించి, హైపో వేసి క్లోరిన్ పూర్తిగా పోయిందని కిట్‌తో చూసుకోవాలి. రొయ్యల చెరువులవాళ్లు మీ చుట్టూ ఉంటారు, వాళ్లనడిగితే చేసి చూపిస్తారు. ఇంకొక్క మాట. ట్యాంకులో నీళ్లు తగ్గాయని ఉప్పునీళ్లు పోయకండి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు లోపలే ఉంటుంది. తగ్గినంతా ఆర్.ఓ. నీళ్లతోనే నింపాలి.

ప్రశ్న: రామేశ్వరం వెళ్లినప్పుడు తెచ్చిన పగడపు రాళ్లు ఇంట్లో ఉన్నాయి. లయన్ ఫిష్ ట్యాంకులో పెట్టొచ్చా? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: పెట్టొద్దు, కొనొద్దు, ఇంకెవరికీ ఇవ్వొద్దు. పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జీవులు, ఎండిన ముక్కలు దగ్గర పెట్టుకోవడం కూడా నేరమే. సముద్రపు గుర్రాలూ అంతే. ఉన్నవాటిని అటవీ శాఖ ఆఫీసులో అప్పగించండి. ట్యాంకుకు కాల్చిన మట్టితో చేసే సెరామిక్ రాళ్లు దొరుకుతాయి, ఆరు నెలల్లో నాచు పట్టి అసలు రాళ్లలాగే ఉంటాయి. లయన్ ఫిష్ అన్నారు కాబట్టి ఇదీ రాసిపెట్టుకోండి. దాని వీపు ముళ్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో, అంటే 45 డిగ్రీలు దాటకుండా, చెయ్యి అరగంట నుంచి గంటన్నర ముంచి ఉంచాలి. ఆ నీళ్లతోనే ఆసుపత్రికి బయల్దేరండి. ట్యాంకులో చెయ్యి పెట్టేటప్పుడు ఇంట్లో ఇంకొకరు పక్కన ఉండాలి.

ప్రశ్న: ఏడాది క్రితం ముదురు నీలం మీద తెల్లటి గుండ్రాలు ఉన్న చేపను 4 అడుగుల ట్యాంకులో వేశాం. ఇప్పుడు ఆ గుండ్రాలు తెగిపోయి, తోక దగ్గర పసుపు కనిపిస్తోంది. రంగు వెలిసినట్టుంది. పిల్లలు టెన్షన్ పడుతున్నారు. జబ్బా? ఫోటో పంపుతున్నాను. – ఒక తల్లి, విజయవాడ

జవాబు: ఫోటో చూశానమ్మా, చాలాసేపు చూశాను. జబ్బు కాదు, మీ చేప పెద్దదవుతోంది. అది ఎంపరర్ ఏంజెల్ పిల్ల. చిన్నప్పుడు తోక వైపు చుక్క చుట్టూ ముగ్గు వేసినట్టు తెల్లటి గుండ్రాలు ఉంటాయి. పెరిగేకొద్దీ అవి మధ్యలో తెగి, సాగి, అడ్డచారలవుతాయి. మీ ఫోటోలో వీపు కింద ఒక గీత సగం తెలుపు, సగం పసుపుగా ఉంది చూశారా? ఈ వారం అది కొంచెం, వచ్చే నెల ఇంకొంచెం పసుపవుతుంది. చివరికి ఒళ్లంతా నీలం, పసుపు చారలు, కళ్ల మీద నల్లటి గంత కట్టినట్టు పట్టీ వస్తుంది. పూర్తిగా మారడానికి రెండేళ్లకు అటూ ఇటూ పడుతుంది. మధ్యలో కొన్నాళ్లు ఇలా వెలిసినట్టే ఉంటుంది. పిల్లల్ని వారానికొక ఫోటో తీసి తేదీ వేసి దాచమనండి.

స్పాంజి కలిసిన ఏంజెల్ మేత, నోరి నాచు, రొయ్య ముక్కలు మార్చి మార్చి పెట్టండి. ఇప్పుడు మీ చేప అయిదంగుళాలు ఉన్నట్టుంది. 4 అడుగుల ట్యాంకు దానికి ఇంకో ఏడాది సరిపోతుంది. ఆ తర్వాత 6 అడుగులకు తక్కువైతే కుదరదు, 8 అడుగులైతే మంచిది. పెద్ద ట్యాంకుకు చోటు లేకపోతే ఇప్పటి నుంచే ఉన్నవాళ్లను వెతికి పెట్టుకోండి. తీసుకెళ్లే రోజు వలతో పట్టకండి, చెంపల దగ్గరి ముల్లు వలలో చిక్కుకుంటుంది. మూతి వెడల్పున్న ప్లాస్టిక్ డబ్బాను నీళ్లలో ముంచి, మెల్లగా అందులోకి తోలండి.