మెడ వదులైతే లైపోసక్షన్ సరిపోతుందా?

ప్రశ్న: నా వయసు 58. గడ్డం కింద చర్మం వేలాడుతోంది. మెడ మీద నిలువుగా రెండు తాళ్లలాంటివి కనిపిస్తున్నాయి. లైపోసక్షన్ చాలునా?

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి చాలకపోవచ్చు. లైపోసక్షన్ కొవ్వునే తీస్తుంది. బాగా సాగిన చర్మమైతే ఆ తర్వాత మరింత వదులుగా కనిపించవచ్చు. అద్దం ముందు పళ్లు బిగించి, చేత్తో కాకుండా ముఖ కండరాలతోనే కింది పెదవిని కిందికి లాగి చూడండి: అప్పుడు ఉబికే తాళ్లు ప్లాటిస్మా అనే పల్చటి కండరం అంచులు. వాటికి బొటాక్స్ (కండరాన్ని సడలించే ఇంజెక్షన్) ఇస్తే ఫలితం సుమారు 3-4 నెలలే నిలుస్తుంది. దీర్ఘకాలం నిలవాలంటే, గడ్డం కింద చిన్న కోత పెట్టి ఆ అంచులను కలిపి కుట్టి, మిగులు చర్మాన్ని చెవుల వెనుక నుంచి తొలగించే నెక్ లిఫ్ట్ గురించి ప్లాస్టిక్ సర్జన్‌తో మాట్లాడాలి. దవడ అంచు కూడా జారి ఉంటే మెడ ఒక్కటే సరిచేయించుకోవడం, నా దృష్టిలో, సగం పనే. పొగ తాగితే గాయం సరిగా మానదు కనుక ఆపరేషన్‌కు కనీసం 4 వారాల ముందే మానేయండి; రక్తపోటు అదుపులో లేకుంటే చర్మం కింద రక్తం చేరే ప్రమాదం పెరుగుతుంది.