కొబ్బరి చెట్టు మట్టలు ఎన్నాళ్ళకొకసారి కొట్టించాలి?

కొత్త ఇంటి గేటుకూ గోడకూ మధ్య ఉన్న ఎనిమిది అడుగుల జాగాలో కొబ్బరి వేయవచ్చా, నర్సరీవారు చూపించే పామ్ మొక్కలు మేలా, వేళ్ళు పునాదిని పాడు చేస్తాయా, చెట్టు అందంగా ఉండాలంటే మట్టలు ఎన్నాళ్ళకొకసారి కొట్టించాలి అని మీరు అడిగారు. మొదటి మూడింటికీ జవాబు చెబుతాను గానీ, నన్ను రాయడానికి కూర్చోబెట్టింది నాలుగో ప్రశ్న. పచ్చి మట్టలు ఎప్పుడూ కొట్టించకూడదు. ఈ మాట ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నానంటే, మా నాన్నగారు నాటిన చెట్టును నేనే డబ్బిచ్చి చంపించాను గనుక.

ముందు వేళ్ళ సంగతి. రావి, మర్రి వంటివి ఏటేటా వేళ్ళను లావెక్కించుకుంటూ పోయి గోడను పైకి లేపుతాయి. కొబ్బరి, తాటి, ఈత, పోక జాతి చెట్లకు తల్లివేరు నిలవదు. మొదలు నుంచి చిటికెన వేలంత లావున్న వేళ్ళు వేలకొద్దీ పుట్టుకొస్తాయి, పుట్టినప్పుడు ఎంత లావున్నాయో చివరిదాకా అంతే ఉంటాయి. కొబ్బరి వేరు పునాదిని చీల్చిన ఇంటిని నేనింతవరకు చూడలేదు. ఇబ్బంది వచ్చేది పైనుంచి. పొడవు రకం కొబ్బరి మట్ట పదిహేను అడుగులకు తగ్గదు, ఇంకా ఎక్కువే ఉంటుంది. తోటల్లో చెట్టుకూ చెట్టుకూ సుమారు 8 మీటర్లు వదలడానికి కారణం అదే. గోడకు నాలుగడుగుల దూరంలో నాటినవారు మట్ట కిటికీ అద్దాన్ని గీస్తోందని కొన్నేళ్ళకే కత్తి పట్టుకున్నవాణ్ణి పిలుస్తారు. కాబట్టి మీ ఎనిమిది అడుగుల సందు నడుమ కొబ్బరి వద్దు. ప్రహరీ మూలన, కనీసం రెండు వైపులా ఆకాశం కనిపించే చోటు ఉంటే అక్కడ నాటండి, లేకపోతే మానుకోండి.

ఇక మా చెట్టు కథ. మా ఇల్లు కాకినాడలో. 1996 నవంబర్ 6 రాత్రి వచ్చిన తుపాను కోనసీమ కొబ్బరి తోటలను నేలమట్టం చేసిన సంగతి ఆ తరం వారందరికీ గుర్తుండే ఉంటుంది. మా పెరట్లోని రెండు పాత చెట్లు కూడా ఆ రాత్రే పోయాయి. మరుసటి ఏడు మా నాన్నగారు ఆ మోళ్ళను తవ్వించి, కాస్త ఇవతలగా ఒక మొక్కను నాటారు. ఆయన కాలం చేసేనాటికి అది ఏడాదికి నూరు కాయల దాకా ఇస్తుండేది. దాని పని ఏదైనా ఉంటే నాన్నగారే దగ్గరుండి చూసుకునేవారు, మాకు కాయలు తినడం తప్ప మరేమీ తెలియదు.

2012 సంక్రాంతికి ముందు ఇంటికి రంగులు వేయించాము. మట్టలు డాబా పిట్టగోడకు తగులుతున్నాయని రంగుల మేస్త్రీ ఎవరో కుర్రవాణ్ణి పిలుచుకొచ్చాడు. నేను లోపల అమ్మతో ఖర్చుల లెక్క చూసుకొని బయటికి వచ్చేసరికి, చెట్టు మొదలు నుంచి పైదాకా కత్తితో నరికిన మెట్లున్నాయి. నడినెత్తిన నిక్కబొడుచుకున్న ఐదారు ఆకులు తప్ప తక్కిన మట్టలన్నీ, పచ్చివీ ఎండువీ అనే తేడా లేకుండా, కింద గుట్టగా పడి ఉన్నాయి. ఒక్కొక్క మట్టనూ కాండానికి ఆనించి నున్నగా కోశాడు. “చూడండి సార్, ఎంత నీట్‌గా ఉందో” అన్నాడు. నిజంగానే నీట్‌గా ఉంది. నేను మాట్లాడుకున్నదానికంటే వంద రూపాయలు ఎక్కువిచ్చి పంపాను.

వేసవిలో లేత గెలలు ఒక్కొక్కటే ఒరిగి విరిగిపోయాయి. వానలు మొదలయ్యాక ఒక మెట్టు కింద నుంచి గోధుమ రంగు జిగురు కారసాగింది. అది వానకు కారే బంక అనుకొని అమ్మ చీపురుతో కడిగిస్తూ వచ్చింది. దసరాకు నేను ఊరు వెళ్ళినప్పుడు, నాన్నగారి కాలం నుంచి మాకు దింపు తీసే పెద్దాయన వచ్చాడు. వచ్చినవాడు చెట్టెక్కలేదు. జిగురు కారుతున్న రంధ్రంలో వేలు పెట్టి, నమిలి ఉమ్మినట్టున్న పీచును బయటికి లాగి వాసన చూశాడు. తల గుడ్డ విప్పి భుజాన వేసుకొని, చెవిని కాండానికి ఆనించి కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తరువాత నన్ను పిలిచి “బాబుగారూ, మీరూ ఓసారి వినండి” అన్నాడు.

నేనూ చెవి ఆనించాను. మొదట నా గుండె చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. కొంతసేపటికి, లోపలెక్కడో ఎవరో నోరు మూసుకొని మరమరాలు నములుతున్నట్టు ఒక సన్నని చప్పుడు తెలిసింది. అది ఆగలేదు. చెవిని జానెడు పైకి జరిపితే అక్కడా అదే చప్పుడు.

“ఎర్రముక్కు పురుగండి. లోపల కాపురం పెట్టేసింది. కాయ దింపడానికి మెట్లెందుకండి, కాళ్ళకు బంధం ఉండగా? నాన్నగారుంటే ఆ కుర్రోణ్ణి గేటు దాటనిచ్చేవారా?” అన్నాడు. ఆ పైన డాబా ఎక్కి, కర్రకు కట్టిన కొక్కెంతో మొవ్వాకును, అంటే నడినెత్తిన ఇంకా విచ్చుకోని లేత ఆకును, పట్టి లాగాడు. పెద్దగా బలం చేయకుండానే అది ఊడి వచ్చింది. దాని అడుగు కుళ్ళి, పులిసిన కల్లు వాసన కొట్టింది. వారం తరువాత చెట్టును కొట్టించి కాండాన్ని చీలిస్తే, బొటనవేలంత లావున, మీగడ రంగులో, తల మాత్రం ముదురు గోధుమగా ఉన్న కాళ్ళులేని పురుగులు, పీచును చుట్టలా చుట్టి అవి లోపల కట్టుకున్న గూళ్ళు గుప్పెళ్ళకొద్దీ బయటపడ్డాయి. అమ్మ గడపలో నిలబడి అంతా చూసి, “ఆ కుర్రాడికి వంద ఎక్కువిచ్చావు కూడానూ” అని లోపలికి వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి నేను చదివినదీ, తోటల్లో తిరిగి అడిగి తెలుసుకున్నదీ చాలానే ఉంది. ఎర్రముక్కు పురుగును పచ్చి గాయం వాసన రప్పిస్తుంది. ఆడ పురుగు ఆ గాయంలోనే గుడ్లు పెడుతుంది, పిల్లలు కాండంలోకి తొలుచుకుపోతాయి, బయటివారికి ఏమీ కనిపించదు. మామిడి కొమ్మను నరికితే గాయం చుట్టూ బెరడు పెరిగి మెల్లగా కమ్ముకుంటుంది. కొబ్బరి జాతి కాండానికి అలా గాయాన్ని పూడ్చుకునే పొర లేదు కనుక, ఈ రోజు నరికిన మెట్టు చెట్టున్నంతకాలం తెరిచి ఉన్న తలుపే. పైగా మామిడికి వంద చిగుళ్ళుంటే దీనికి ఉన్నది ఒక్క మొవ్వు. అది కుళ్ళితే పక్క నుంచి మరొకటి పుట్టదు. తప్పనిసరిగా ఒక పచ్చి మట్టను కోయవలసి వచ్చినా, కాండం నుంచి నాలుగడుగులు వదిలి కోయాలి. పురుగు ఆ మోటులో గుడ్లు పెట్టినా కాండం దాకా చేరలేకపోవడానికి ఆ దూరం అవసరం. పట్టణాల్లో చచ్చిపోయే కొబ్బరి చెట్లలో సగానికి పైగా కత్తి వల్లనే పోతున్నాయని నా గట్టి నమ్మకం. లెక్కలు అడగకండి, మా వీధిలో చూసిన చెట్లు నాకు చాలు.

మట్టలు తీయిస్తే కాపు పెరుగుతుందనే మాట ఎవరు పుట్టించారో తెలియదు గానీ అది శుద్ధ తప్పు. బాగా పెరిగిన చెట్టుకు ముప్ఫై నుంచి ముప్ఫై ఐదు ఆకులుంటాయి, నెలకు సుమారుగా ఒకటి కొత్తది వస్తుంది, ఒక్కొక్క ఆకు మొదట్లో ఒక్కొక్క పూగెల పుడుతుంది. పెరిగే గెల కింది మట్ట మీద ఆనుకొని బరువు మోపుతుంది. ఆ మట్టను కోసేస్తే గెల వాలి విరుగుతుంది, మా ఇంట్లో వేసవిలో జరిగింది సరిగ్గా అదే. మీరు ఈ రోజు కొట్టే కొబ్బరికాయ, మొవ్వు లోపల పూమొగ్గగా మొదలైన నాటి నుంచి లెక్కిస్తే దానికి సుమారు 44 నెలల వయసు. అంటే సంక్రాంతికి నీట్‌గా చేయించిన పని ఫలితం నాలుగేళ్ళ దాకా వెంటాడుతూనే ఉంటుంది.

కింది ఆకులు పసుపు పచ్చబడ్డాయని కోయించేవారు మరొక రకం. అది చాలాసార్లు పొటాష్ కరువు. చెట్టు ముసలి ఆకులలోని పొటాష్‌ను లాగి కొత్త ఆకులకు పంపుకుంటుంది, మనం ఆ ఆకును కోసేస్తే దాని పై వరుస నుంచి లాగడం మొదలుపెడుతుంది. చేయవలసింది ఎరువు వేయడం. కాపుకొచ్చిన చెట్టుకు ఏడాదికి సుమారు కిలో యూరియా, రెండు కిలోల సూపర్ ఫాస్ఫేట్, రెండు కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ కావాలి. దానిని రెండు విడతలుగా, మొదలుకు ఆరడుగుల దూరం దాకా తీసిన పాదులో, తడి ఉన్నప్పుడు వేయాలి. మొదట్లోనే కుప్పగా పోసి చేతులు కడుక్కుంటే లాభం లేదు. పాదు ఉండవలసిన చోట టైల్స్ పరిచి, కాండం చుట్టూ సిమెంటు గట్టు కట్టి, ఆ తరువాత కాయ చిన్నదవుతోందని బాధపడేవారికి నేను చెప్పగలిగింది ఏమీ లేదు. దీపావళికి బల్బుల తీగ కోసం కాండానికి మేకులు కొట్టేవారికి మాత్రం ఎర్రముక్కు పురుగు తప్పకుండా సమాధానం చెబుతుంది.

ఎర్రముక్కు పురుగుకు దారి చూపించేవాడు మరొకడున్నాడు, కొమ్ము పురుగు. విచ్చుకున్న ఆకు మీద కత్తెరతో కోసినట్టు త్రికోణపు కోతలు వరుసగా కనిపిస్తే వాడు మొవ్వులోకి దూరాడని అర్థం. వాడు పెరిగేది పెంటకుప్పలోనూ కుళ్ళిన మోళ్ళలోనూ. ఇంట్లోనే ఎరువు తయారు చేసుకుంటున్నామని చెట్టు పక్కనే గుంత తీసి నెలల తరబడి తిరగేయని మిత్రులు నాకు ముగ్గురున్నారు, ముగ్గురి చెట్లకూ ఆ కోతలున్నాయి. లేత చెట్టుకైతే ఆకు మొదళ్ళలో వేపపిండిని ఇసుకతో కలిపి పోయడం, రంధ్రంలో ఉన్న పురుగును కొక్కెంతో లాగేయడం ఇంటి స్థాయిలో సరిపోతాయి.

నర్సరీ పామ్‌ల విషయానికి వస్తే, కడియం నర్సరీల నుంచి లారీల్లో వచ్చే వాటన్నిటినీ ఒకటే పేరుతో అమ్మడం నాకు నచ్చదు. మూడడుగుల మొక్కను చూసి మీరు మనసు పడిన రాయల్ పామ్ కరీబియన్ దీవుల చెట్టు, మూడంతస్తుల ఇంటిని దాటిపోతుంది. అయితే దానికి ఒక సుగుణం ఉంది. ముదిరిన మట్ట తొడుగుతో సహా తనంతట తానే ఊడి పడుతుంది గనుక దానికి కత్తి అవసరమే లేదు, కింద కారు లేకుండా చూసుకుంటే చాలు. మీ ఎనిమిది అడుగులకు గుబురుగా పెరిగే అరెకా పామ్ సరిపోతుంది. ఇందాక చెప్పినట్టు ప్రహరీ మూలన చోటుండి, కాయ కావాలనుకుంటే మాత్రం అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో రూపొందిన గోదావరి గంగ గానీ, పొట్టి రకమైన గంగాబొండాం గానీ చూడండి. అవి నాలుగైదేళ్ళకే కాపుకొస్తాయి, చాలా ఏళ్ళ దాకా కాయ చేతికో నిచ్చెనకో అందుతుంది, మెట్లు నరికే కుర్రవాడి అవసరం రాదు. మొక్కను ఎంచుకునేటప్పుడు ఎత్తు చూసి మోసపోకుండా మొదలు లావు చూడండి. తొమ్మిది నుంచి పన్నెండు నెలల మొక్కకు కనీసం ఆరు ఆకులుండి, ఆకు త్వరగా చీలడం మొదలై ఉంటే అది మంచి మొక్క. గుంత మూడడుగులు తీసి, అడుగున కొబ్బరి డొక్కలు పేర్చి నాటండి. మొదటి రెండు వేసవులు నీడ కట్టి, నాలుగు రోజులకొకసారి మూడు బిందెల నీరు పోయండి.

2016లో కొత్తగా వచ్చిన తెల్లదోమ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దానికి భయపడి కూడా మట్టలు కొట్టిస్తున్నారు. ఆకు అడుగున తెల్లని మైనపు చుట్టలు, కింది ఆకుల మీద నల్లని మసి దీని గుర్తులు. దోమ విసర్జించే తియ్యని జిగురు మీద పట్టే బూజే ఆ మసి, అది చెట్టును చంపదు. మందులు కొడితే దోమను తినే మిత్ర పురుగులు ముందు చస్తాయి. పైపుతో ఆకుల అడుగుకు జోరుగా నీళ్ళు కొట్టించడమే నేను చేస్తున్నది.

2013లో ఆ పెద్దాయనే తెచ్చి నాటిన గోదావరి గంగ ఇప్పుడు మా గేటు పక్కన ఉంది. మట్ట పూర్తిగా ఎండి, చేత్తో లాగితే ఊడి వచ్చే దాకా దానిని ఎవరినీ ముట్టనివ్వను. మొన్న పక్కింటివారు ఒక మట్ట తమ బాల్కనీలోకి వస్తోందని చెబితే, కోయకుండా నులక తాడుతో మా వైపుకు లాగి కట్టాను. చూడడానికి ఏమంత బాగుండదు, కానీ ఆ మట్ట మీద ఆనుకొని ఉన్న గెలలో పదకొండు కాయలున్నాయి.