ముందు సైజు తేల్చుకో, రోబో సంగతి తర్వాత

చిన్నీ,

నీ మెసేజ్ చూశా. సర్జరీ రోబోలు ఒకపక్క, ఒంట్లోకి పంపే బుల్లి రోబోలు ఇంకోపక్క, రెండూ లాగేస్తున్నాయి, రీసెర్చ్‌కి ఏది పట్టుకోమంటావ్ మావయ్యా అన్నావ్. నేనైతే టాపిక్ తర్వాత, ముందు సైజు తేల్చుకోమంటా. మీటరు రోబో, మిల్లీమీటరు రోబో, మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) రోబో, పేరు ఒకటే గానీ చదవాల్సిన చదువు వేరు, ఒకదాంట్లో ఆరితేరినవాడు ఇంకోదాంట్లోకొస్తే మళ్లీ అఆల దగ్గర్నుంచే. నేనే సాక్ష్యం, ఆ కథ చెప్తా ఆగు.

ముందు పెద్దవాటి సంగతి. డావిన్సీ అనే సర్జరీ రోబోకి అమెరికాలో పర్మిషన్ వచ్చింది 2000లో. అదేదో తనంతట తనే కోసేస్తుందనుకుంటారు చాలామంది, కాదు, డాక్టరు కన్సోల్ దగ్గర కూర్చుని చేతులు కదిపితే అది కదులుతుంది, అంతే. 2001లో న్యూయార్క్‌లో కూర్చున్న డాక్టర్లు ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న పేషెంటుకి గాల్ బ్లాడర్ తీసేశారు, వేరే రోబోతో, అక్కడా చెయ్యి మనిషిదే. ఇప్పుడు నడుస్తున్న రీసెర్చ్‌లో పెద్ద ముక్క ఆ చేతి పనిని కొంచెం కొంచెంగా రోబోకి అప్పజెప్పడం. 2022లో అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీ వాళ్ల స్టార్ అనే రోబో పందుల్లో పేగు రెండు కొసలూ కలిపి కుట్టింది, మనిషి సాయం చాలా తక్కువ. బోల్టు బిగించడం లాంటిది కాదమ్మా ఇది, పేగు పట్టుకుంటే జారుతుంది, ఊపిరి తీస్తే కదులుతుంది, సూది గుచ్చేలోపే షేపు మారిపోతుంది. పైగా దారం ఎంత గట్టిగా లాగుతున్నామో చేతికి తెలీకుండా ఇన్నేళ్లూ డాక్టర్లు కళ్లతోనే అంచనా వేసుకున్నారు, డావిన్సీలో ఆ లాగుడు చేతికి తెలిసే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ వచ్చింది 2024 మోడల్‌తో. నీకు కోడింగ్, కెమెరా, మెషీన్ లెర్నింగ్ ఇష్టమైతే హాయిగా ఇటు వెళ్లు, కాకపోతే నెలకోసారైనా ఆపరేషన్ థియేటర్లో నిలబడి చూడనిచ్చే డాక్టరు తోడు లేకుండా మాత్రం దిగకు.

ఇక చిన్నవి. నా పిచ్చి అంతా ఇక్కడే, ఏడాది పోగొట్టుకున్నదీ ఇక్కడే. చేపలాగా తోక అటూ ఇటూ ఊపే రోబో చేశా, గట్టి రేకు తోక, ఒకే ఒక్క మడత, తొట్టెలో బ్రహ్మాండంగా ఈదింది. దాన్నే చిన్నది చేసుకుంటూ పోయా, ఒక సైజు దాటాక కదలట్లేదు, తోక ఊగుతోంది గానీ ఉన్నచోటే ముందుకో వెంట్రుక వెనక్కో వెంట్రుక. మోటారు, జాయింటు, తోక పొడవు అన్నీ మార్చా. తప్పు వాటిది కాదు. పర్సెల్ అనే ఫిజిక్స్ ఆయన 1977లోనే రాసిపెట్టాడు, ఆ సైజులో నీళ్లు జిగట పాకంతో సమానం, తెరిచి మూసే ఆల్చిప్ప లాంటి కదలిక ఎంత చేసినా ముందుకెళ్లిందంతా వెనక్కొచ్చేస్తుంది అని. బ్యాక్టీరియా ఈదడం ఆపితే అణువంత దూరం కూడా జారదట, అక్కడికక్కడే ఆగిపోతుంది. నేను ఆ పేపర్ చదివింది ఏడాది పోయాక, నవ్వకు.

అందుకే బ్యాక్టీరియాలా స్క్రూ తోక కావాలి. జ్యూరిక్‌లో ఈటీహెచ్ అనే యూనివర్సిటీ వాళ్లు 2009లో చేసింది అదే, బుల్లి స్ప్రింగు తోక, బయట అయస్కాంత క్షేత్రం తిప్పితే అదీ తిరుగుతూ వెళ్తుంది. బ్యాటరీ ఎక్కడుంది అంటావా, లేదు! పొడవు 10 రెట్లు తగ్గితే లోపలి చోటు 1000 రెట్లు తగ్గుతుంది, ఇంక బ్యాటరీ ఏం పెడతాం. 2018లో జర్మనీలో మాక్స్ ప్లాంక్ రీసెర్చ్ సంస్థ వాళ్ల 4 మిల్లీమీటర్ల రబ్బరు పట్టీ పాకింది, గెంతింది, ఈదింది, దానికీ శక్తి బయటి అయస్కాంతం నుంచే. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు 2020లో ఒక మిల్లీమీటరులో పదోవంతు కూడా లేని నాలుగు కాళ్ల రోబోని లేజర్ వెలుతురుతో నడిపించారు, చూడ్డానికి అద్భుతం, కానీ ఆ వెలుతురు ఒంట్లో లోతుకి ఎలా వెళ్తుంది చెప్పు?

కాబట్టి వీడియో చూసి మురిసిపోయే ముందు ఈ రోబోకి శక్తి ఎక్కణ్నుంచి వస్తోంది, లోపలికెళ్లాక ఎక్కడుందో ఎలా కనపడుతుంది, పనయ్యాక బయటికెలా వస్తుంది లేదా ఎలా కరిగిపోతుంది అని అడుగు. ఈదించడం చాలామంది చేసేశారు. పనులు మిగిలింది ఆ రెండోదీ మూడోదీ దగ్గరే, అల్ట్రాసౌండ్‌లో పదుల మైక్రాన్ల చుక్కని రక్తం పారుతుండగా వెంటాడటం నిజంగా కష్టం, నీకు సిగ్నల్ ప్రాసెసింగ్ వచ్చు కాబట్టి నా ఓటు దానికే. కప్ప కణాలతో చేసిన జెనోబాట్లు కూడా అడిగావ్ కదా, 2020లో వచ్చినవి, ముచ్చటగా ఉంటాయి గానీ బయాలజీ ల్యాబులో మూడు నాలుగేళ్లు కూర్చునే ఓపికుంటేనే.

ల్యాబులకి మెయిల్స్ పెట్టే ముందు ఒక పని చెయ్. గాజు తొట్టెలో గ్లిజరిన్ పోసి రబ్బరు బ్యాండుతో నడిచే బొమ్మలు రెండు వదులు, ఒకదానికి ఊగే రేకు తోక, ఇంకోదానికి తీగ చుట్టి స్క్రూ తోక. బొమ్మ చిన్నగా, నెమ్మదిగా ఉంటే జిగట వల్ల మైక్రాన్ల లోకంలో జరిగేది దాదాపు అలాగే కంటికి కనపడుతుంది, మైక్రోస్కోపు అక్కర్లేదు. రేకు తోకది ఎందుకు కదలట్లేదో నీ మాటల్లో రాసి వీడియోతో పాటు పంపు, ఏ ల్యాబుకి రాయాలో అప్పుడు కూర్చుని చూద్దాం.

మావయ్య