కాలేయ మార్పిడి ఉచితమే.. పేరు నమోదులో ఆలస్యం వద్దు

ప్రశ్న: మా నాన్నకు 52 ఏళ్లు. లివర్ సిర్రోసిస్. పొట్టలో చేరిన నీటిని ఇప్పటికి రెండుసార్లు తీశారు. కాలేయ మార్పిడి తప్పదంటున్నారు. ప్రైవేటులో ఆ ఖర్చు మావల్ల కాదు. ఉస్మానియాలో ఉచితంగా చేస్తారా? బ్రెయిన్ డెడ్ అయినవారి అవయవాలను రోగులకు కేటాయించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు మేమే రాయించుకోవచ్చా?
- ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: చేస్తారమ్మా. హైదరాబాద్‌లోని ఉస్మానియా, నిమ్స్‌లలో ఆరోగ్యశ్రీ కింద కాలేయ మార్పిడి జరుగుతోంది. డబ్బు లేదని ఆశ వదులుకోవాల్సిన పనిలేదు. కానీ అవయవాల కొరత తీరలేదు. కాబట్టి ఇప్పుడు మీకు సమయమే ముఖ్యం.

జీవన్‌దాన్‌లో రోగులు నేరుగా నమోదు చేసుకోలేరు. మార్పిడి చేసే ఆసుపత్రే పరీక్షలు పూర్తిచేసి పేరు పంపుతుంది. పాత రిపోర్టులు, ఆధార్, ఆహారభద్రత కార్డు తీసుకుని ఉస్మానియాలో సర్జికల్ గ్యాస్ట్రోఎంటరాలజీ ఓపీకి వెళ్లండి. రక్తపరీక్షలో బిలిరుబిన్, క్రియాటినిన్, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు), సోడియం చూసి, కాలేయ జబ్బు తీవ్రతను చెప్పే మెల్డ్ స్కోరు లెక్కిస్తారు. సాధారణంగా అది 15కు చేరితే మార్పిడి గురించి ఆలోచిస్తాం. మందులకు లొంగకుండా నీరు చేరుతుంటే స్కోరు తక్కువున్నా ఆగొద్దు. చాలామంది కిడ్నీలు దెబ్బతిన్నాకో, మగతలోకి జారాకో వస్తారు. అప్పటికి పొట్టనీటిలో ఇన్ఫెక్షన్ ఉంటే, అది తగ్గేదాకా ఆపరేషన్ చేయలేం.

పేరు నమోదైనా, సరిపడే బ్లడ్ గ్రూపు కాలేయం ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. అందుకే ఇంట్లో దాత ఉన్నారేమో కూడా ఇప్పుడే చూడండి. జీవిత భాగస్వామి, 18 ఏళ్లు నిండిన పిల్లలు, తోబుట్టువుల వంటి దగ్గరి బంధువులు ఇవ్వొచ్చు. మిగతావాళ్లకు అవయవదానాలను పరిశీలించే ఆథరైజేషన్ కమిటీ అనుమతి కావాలి. దాతలో కనీసం 30-35 శాతం కాలేయం మిగలాలి, సీటీ స్కాన్‌లో దాన్ని కొలుస్తారు. ఫ్యాటీ లివర్ (కాలేయంలో కొవ్వు) వల్ల దాతను తిరస్కరిస్తే అక్కడితో వదిలేయకండి. కొన్ని నెలల్లో బరువు తగ్గితే మళ్లీ పరీక్షించొచ్చు. అయితే దాతపై ఇంట్లో ఒత్తిడి పెట్టడం తప్పు. ఇష్టం లేకపోతే చివరి నిమిషంలోనైనా వద్దనొచ్చు.

ఈలోగా నాన్నకు కండ కరిగిపోకూడదు. లివర్ జబ్బని పథ్యం పేరుతో పప్పు, గుడ్డు మాన్పిస్తుంటారు. అది చాలా నష్టం. బరువును బట్టి కిలోకు 1.2-1.5 గ్రాముల ప్రొటీన్ అవసరం. ఉప్పు తగ్గించండి. రాత్రి పడుకునే ముందు ఏదైనా తినిపించండి. నొప్పి మాత్రలు సొంతంగా వేయొద్దు, కిడ్నీలు పాడవుతాయి. మద్యం అలవాటుంటే ఈరోజే పూర్తిగా మానాలి.

మార్పిడి తర్వాత, కొత్త కాలేయాన్ని శరీరం తిరస్కరించకుండా చూసే టాక్రోలిమస్ వంటి మందులు జీవితాంతం వాడాలి. రక్తంలో టాక్రోలిమస్ మోతాదు చూసే రోజు, నమూనా ఇచ్చాకే ఉదయం మాత్ర వేసుకోవాలి. ముందే వేసుకుంటే పరీక్షలో మోతాదు ఎక్కువగా కనిపించి, డాక్టర్ డోసు తగ్గించేస్తారు. అలా తగ్గితే శరీరం కొత్త కాలేయాన్ని తిరస్కరించే ప్రమాదం ఉంది.