మీరడిగారు: యాభై డాలర్ల నోటు మీది గడ్డం పెద్దాయన

ప్రశ్న: అమ్మా! డల్లాస్‌లో ఉండే మా అబ్బాయి సంక్రాంతికి వచ్చినప్పుడు నా చేతిలో యాభై డాలర్ల నోటు పెట్టాడు. మార్చబుద్ధి కాక దేవుడి గూట్లో దాచుకున్నాను. దాని మీద గడ్డం ఉన్న పెద్దాయన ఎవర్రా అంటే "ఎవరో ప్రెసిడెంట్ నాన్నా" అన్నాడు. నోటు మీద బొమ్మ వేసేంత పని ఆయన ఏం చేశాడు?
- ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: ఆయన పేరు యులిసిస్ గ్రాంట్. బానిసత్వం ఉండాలన్న దక్షిణాది రాష్ట్రాలు విడిపోతామని తిరగబడినప్పుడు, లింకన్ పక్షాన యుద్ధం గెలిపించిన సేనాధిపతి. తర్వాత 1869 నుంచి 1877 దాకా ప్రెసిడెంట్. నోటు మీదికెక్కడానికి ఇది చాలు. నాకు మాత్రం ఆయన్ని తలచుకుంటే ముందు గుర్తొచ్చేవి ఒక బురద కోటు, కొన్ని కాగితం చీటీలు.

ముందు కోటు సంగతి. 1865 ఏప్రిల్ 9. వర్జీనియాలో అప్పొమాటక్స్ అనే చిన్న ఊళ్లో ఒక ఇంటి ముందుగదిలో దక్షిణాది సేనాని లీ లొంగిపోతున్నాడు. ఓడిన లీ కొత్త యూనిఫాం వేసుకుని, మంచి కత్తి కట్టుకుని వచ్చాడు. గెలిచిన గ్రాంట్ సిపాయిలు తొడుక్కునే మామూలు కోటుతో, బురద బూట్లతో వచ్చాడు. నడుముకి కత్తి కూడా లేదు. షరతులు తన చేత్తోనే రాశాడు. ఎవర్నీ ఖైదు చెయ్యలేదు, ఇక తిరగబడమని మాటిచ్చి ఇళ్లకు పొమ్మన్నాడు. మా సిపాయిల్లో చాలామంది గుర్రాలు వాళ్ల సొంతానివి అని లీ అంటే, తీసుకెళ్లనివ్వండి, పొలం దున్నుకోవాలి కదా అన్నాడు. ఆకలితో ఉన్న ఆ సైన్యానికి పాతిక వేల మందికి సరిపడా తిండి పంపించాడు. తన వాళ్లు సంబరంగా తుపాకులు పేలుస్తుంటే ఆపించాడు. అమలాపురం వారికి దుక్కి అదను గురించి నేను చెప్పక్కర్లేదు. ఏప్రిల్లో గుర్రం లేకుండా ఇంటికెళ్తే ఆ ఏడు ఆ ఇంట్లో గింజ ఉండదు. లొంగుబాటు రాసేవేళ ఆ ఆలోచన చేసిన మనిషంటే నాకు గౌరవం.

ప్రెసిడెంటుగా అంత బాగా నెగ్గుకొచ్చాడని చెప్పలేను. నల్లజాతి వాళ్లను చంపుతూ తిరిగిన కూ క్లక్స్ క్లాన్ ముఠాలను గట్టిగా అణిచాడు, ఆ ఘనత ఆయనదే. కానీ చుట్టూ చేరిన వాళ్లు మేస్తుంటే కనిపెట్టలేకపోయాడు. మనుషుల్ని ఇట్టే నమ్మేయడం ఆయన బలహీనత. అదే చివరికి కొంప ముంచింది.

పదవి దిగాక న్యూయార్కులో కొడుకు భాగస్వామిగా ఉన్న ఒక పెట్టుబడుల కంపెనీలో ఉన్నదంతా పెట్టాడు. అందులో ఇంకో భాగస్వామి ఫెర్డినాండ్ వార్డ్, ఒకరి డబ్బు తెచ్చి ఇంకొకరికి లాభమని పంచుతూ పోయాడు. 1884 మే నెలలో అంతా కూలిపోయింది. కూలే ముందు వార్డ్ మాట నమ్మి, కుబేరుడు వాండర్‌బిల్ట్ దగ్గర లక్షన్నర డాలర్లు చేబదులు కూడా తెచ్చాడు గ్రాంట్. చివరికి చూసుకుంటే ఆయన దగ్గర 80 డాలర్లు, భార్య జూలియా దగ్గర 130. అప్పు కింద యుద్ధంలో వచ్చిన కత్తులు, పతకాలు అన్నీ వాండర్‌బిల్ట్‌కి అప్పజెప్పాడు. అప్పటికి మాజీ ప్రెసిడెంట్లకు పింఛను లేదు. ఆ చట్టం 1958లో గాని రాలేదు.

ఆ వేసవిలోనే ఒకరోజు పీచ్ పండు కొరికితే గొంతులో భగ్గుమంది. పురుగేదో కుట్టిందనుకున్నాడు. కాన్సర్. చుట్టల మనిషి ఆయన. 1862లో ఒక కోట గెలిచినప్పుడు నోట్లో చుట్ట ఉందని పేపర్లో పడితే, జనం అభిమానంతో వేలకొద్దీ చుట్టలు పంపారు. ఆ అభిమానమే ప్రాణం మీదికి తెచ్చిందేమో అనిపిస్తుంది.

పోయేలోగా జూలియాకి నాలుగు రాళ్లు మిగల్చాలని ఆత్మకథ మొదలుపెట్టాడు. మార్క్ ట్వైన్, అవును ఆ రచయితే, అప్పట్లో సొంతంగా ప్రచురణ సంస్థ నడుపుతున్నాడు. వేరేవాళ్లు పదో వంతు ఇస్తామన్న చోట, లాభంలో మూడింట రెండొంతులకు పైనే ఇస్తానని పుస్తకం తీసుకున్నాడు. మొదట గ్రాంట్ చెబుతుంటే ఒకాయన రాసుకునేవాడు. గొంతు పోయాక తనే రాశాడు. పడుకుంటే ఊపిరాడదు కాబట్టి రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసుకుని, ఒకదాంట్లో కూర్చుని ఇంకోదాని మీద కాళ్లు చాపి రాత్రిళ్లు గడిపేవాడు. డాక్టర్‌తో మాట్లాడాలన్నా చీటీలే. ఒక చీటీలో భావం ఇది: నేను సర్వనామాన్ని కాదు, క్రియాపదాన్ని అనుకుంటా. క్రియ అంటే ఉండటం, చేయటం, బాధపడటం. ఆ మూడూ నేనే.

ఇది మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసేశాను. మా నాన్నగారూ చుట్ట మనిషే. ఆయనకీ గొంతులోనే వచ్చింది. మాట పడిపోయాక మా చిన్నవాడి పలక తీసుకుని బలపంతో రాసి చూపించేవారు. అమ్మ చదువుకోలేదు, అందుకని ఆవిడకి చెప్పాల్సినవి కూడా నాకే రాసేవారు. వేదాంతం ఏమీ రాయలేదు. "కరెంటు బిల్లు కట్టారా", "అమ్మ తిన్నదా" - ఇవే. గ్రాంట్ ఆ పన్నెండు వందల పైచిలుకు పేజీలు ఎందుకు రాశాడో నాకు ఆ పలక వల్ల తెలుసు.

పుస్తకం ముగించి వారం తిరక్కుండా, 1885 జూలై 23న పోయాడు. రెండు సంపుటాలు ఊరూరా తిరిగి అమ్మారు, అమ్మినవాళ్లలో ఆయన పాత సిపాయిలూ ఉన్నారు. జూలియాకి వచ్చింది మొత్తం 4 లక్షల డాలర్లు దాటింది. నోటు దేవుడి గూట్లోనే ఉంచండి.

ప్రశ్న: మన హీరోలు సినిమాల్లో మిలిటరీ డ్రెస్ వేస్తారు. అమెరికా హీరోలు నిజంగా యుద్ధానికి వెళ్లారంటారు, నిజమేనా?
- ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: నిజమే. జేమ్స్ స్టూవర్ట్‌కి 1941 ఫిబ్రవరిలో ఆస్కార్ వచ్చింది, మార్చిలో సైన్యంలో చేరాడు. అంతకు ముందు బరువు తక్కువని ఒకసారి వెనక్కి పంపితే, తిని బరువు పెంచుకుని మళ్లీ వెళ్లాడు. బాంబర్ విమానం నడుపుతూ ఇంగ్లండ్ నుంచి 20 దాడులకు వెళ్లాడు. సిపాయిగా చేరి నాలుగేళ్లలో కల్నల్ అయ్యాడు, 1959లో రిజర్వ్‌లో బ్రిగేడియర్ జనరల్. ఆ ఆస్కార్ బొమ్మ ఏళ్ల తరబడి వాళ్ల నాన్న హార్డ్‌వేర్ కొట్టు అద్దాల్లో ఉంది, మేకులూ సుత్తుల మధ్య.

ఆడీ మర్ఫీ కథ దీనికి తిరగేసింది. టెక్సాస్‌లో కౌలుకు పత్తి పండించే ఇంటి పిల్లాడు. 1945 జనవరి 26న, ఇరవై ఏళ్లు నిండకముందే, ఫ్రాన్స్‌లో మంటలంటుకున్న, ట్యాంకులాంటి యుద్ధ శకటం మీదికెక్కి, దాని మెషిన్‌గన్‌తో దాదాపు గంటసేపు జర్మన్లను ఒక్కడే ఆపాడు. దేశంలోకెల్లా పెద్ద పతకం ఇచ్చారు. సినిమాల్లోకి ఆ తర్వాతే వచ్చాడు. తెర మీద ధైర్యంగా కనిపించినా రాత్రి నిద్ర పట్టేది కాదు, దిండు కింద పిస్తోలు పెట్టుకునేవాడు. యుద్ధం మిగిల్చిన ఆ టెన్షన్ గురించి దాచకుండా బయట చెప్పాడు, వియత్నాం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్లకు వైద్యం అందాలని అడిగాడు. ఆ రోజుల్లో వీరుడన్నవాడు అలా చెప్పడం చిన్న విషయం కాదు. నా లెక్కలో శకటం ఎక్కడం కన్నా అదే పెద్దది.

ప్రశ్న: విజయనగరంలో గాత్రం నేర్చుకుంటున్నాను. పాడటానికి హాలు ఇవ్వకపోతే ఆరుబయట పాడిన అమెరికా గాయని ఒకామె ఉందని మా టీచరుగారు చెప్పారు. ఎవరామె?
- ఒక విద్యార్థిని

జవాబు: మేరియన్ ఆండర్సన్ తల్లీ. నల్లజాతి అమ్మాయి, చర్చిలో పాడుతూ మొదలై యూరప్ అంతా పేరు తెచ్చుకుంది. 1939లో వాషింగ్టన్‌లో కాన్‌స్టిట్యూషన్ హాల్ అడిగితే, తెల్లవాళ్లకే ఇస్తామని దాన్ని నడిపే మహిళా సంఘం కాదంది. ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ భార్య ఎలినార్ ఆ సంఘం సభ్యత్వానికి రాజీనామా చేసింది. చివరికి లింకన్ స్మారకం మెట్ల మీద ఏర్పాటు చేశారు. ఆ రోజు ఏప్రిల్ 9, పైన చెప్పిన లొంగుబాటు జరిగిన తేదీయే. 75 వేల మంది వచ్చారు. చలికి బొచ్చు కోటు వేసుకుని, కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. మొదటి పాట "అమెరికా" అనే దేశభక్తి గీతం, అక్కడ బళ్లో పిల్లలందరికీ వచ్చినదే. అందులో "నేను పాడుతున్నాను" అని ఉండే చోట ఆమె "మేము పాడుతున్నాం" అని పాడింది.